మ్యాప్‌లో మా మండలం పచ్చగా ఉంది, మా బోరులో ఫ్లోరైడ్ 2.8 ఉంది. దేన్ని నమ్మాలి?

సైన్స్_టీచరమ్మ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నల్లగొండ పడమటి మండలాల్లో ఒక ప్రభుత్వ బడిలో సైన్స్ చెప్తాను. పోయిన గురువారం నీళ్ల మీద ఒక మీటింగ్ ఉంటే బడి తరఫున వెళ్లాను. గోడకి పెద్ద రంగుల మ్యాప్ పెట్టారు. మా మండలం మొత్తం లేత పచ్చ. వేదిక మీద ఒకాయన కర్రతో చూపించి, "ఈ మండలం సేఫ్, ఇక్కడ టెన్షన్ లేదు" అని పక్క మండలానికి వెళ్లిపోయారు.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. అంతకు పది రోజుల ముందే మా ఎనిమిదో తరగతి పిల్లలతో బడి వెనక బోరు నీళ్లు టెస్ట్ చేశాం. చిన్న గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, తెల్లకాగితం ముందు పట్టుకుని రంగుల కార్డుతో పోల్చాలి. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు నిలుస్తుంది, పెరిగేకొద్దీ పసుపులోకి తిరుగుతుంది. మాది పిల్లలు కార్డు దగ్గర పెట్టేలోపే పసుపైంది. కిట్ మీద అనుమానంతో ఒక సీసా ల్యాబ్‌కి పంపించాను. లీటరుకి 2.8 మిల్లీగ్రాములు అని కాగితం వచ్చింది. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం 1.0. వేరే దిక్కు లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

తాగడానికి మాకు నల్లా నీళ్లు వస్తాయి. నల్లా రాని రోజు మాత్రం మధ్యాహ్న భోజనం బియ్యం, పప్పు ఈ బోరు నీళ్లతోనే ఉడుకుతాయి.

మీటింగ్ అయ్యాక ఆ సార్ దగ్గరికి వెళ్లి, "మా ఊళ్లో ఏ బోరు పరీక్ష చేసి ఈ రంగు వేశారు సార్" అని అడిగాను. "మాకు మ్యాపే వచ్చిందమ్మా, రీడింగులు మా దగ్గర ఉండవు" అన్నారు. మర్యాదగానే చెప్పారు. కానీ మూడు రోజులుగా నా మనసు ఆ మాట దగ్గరే ఉంది. రీడింగు లేకుండా రంగు ఎక్కడి నుంచి వస్తుంది? రంగు ఇచ్చినవాళ్లు రీడింగు ఎందుకివ్వరు? ఇక్కడ ఈ పనుల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

షాద్‌నగర్_జీఐఎస్ | సోమవారం ఉదయం 6:50

మేడమ్, మ్యాపులు తయారుచేయడమే నా పని కాబట్టి చెప్తాను. రీడింగు ముడి సరుకు, మ్యాప్ తయారైన సరుకు. వడ్లకి, అన్నానికి ఉన్నంత తేడా. అన్నంలో వడ్లు కనిపించవు, ఏ మడివో కూడా తెలియదు.

మీ ఊళ్లో అసలు నమూనా తీసి ఉండకపోవచ్చు. చుట్టూ నాలుగైదు ఊళ్లలో తీసిన రీడింగులు పెట్టి, మధ్యలో ఉన్న ఖాళీని కంప్యూటర్ అంచనాతో నింపుతుంది. దగ్గరున్న బోరుకి ఎక్కువ బరువు, దూరంగా ఉన్నదానికి తక్కువ. ఎండ వేడికి ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. పక్క ఊళ్లో 42 డిగ్రీలుంటే మీ ఊళ్లో 30 ఉండదు కదా. ఫ్లోరైడ్‌కి అట్ల కుదరదు. మన దగ్గర నీళ్లు గ్రానైట్ రాతి పగుళ్లలో ఉంటాయి. ఫ్లోరైడ్ ఆ రాయిలోనే ఉంది. ఏ పగులులో నీళ్లు ఎన్నేళ్లు నిలిచాయో దాన్నిబట్టి కరుగుతుంది. యాభై అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లకే పొంతన ఉండదు.

మా షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది కానీ మాకు మేం పాలమూరు వాళ్లమే. ఇక్కడి ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) యాంటెనాలు మీలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. ఉపగ్రహం పైనుంచి పోతూ దించే సిగ్నల్ మొదట వాటిలోనే పడుతుంది. ఆ క్షణంలో అది బొమ్మ కూడా కాదు, వరుస అంకెలు. దాన్ని సరిదిద్ది, భూమ్మీద సరైన చోట కూర్చోబెట్టి, గాలిలో మసక తీసేస్తే అప్పుడు చిత్రం అవుతుంది. ఆ చిత్రంలోంచి ఎర్ర కాంతి ఎంత, కంటికి కనపడని పరారుణ కాంతి ఎంత అని లెక్కకడితే పచ్చదనం సూచిక వస్తుంది. ఆ సూచిక ఇంతకంటే ఎక్కువుంటే "పంట బాగుంది" అని ఎవరో ఒక గీత గీస్తారు. పేపర్లో మనకి చివరి మాట ఒక్కటే కనపడుతుంది. మధ్యలో ఎన్ని చోట్ల మనిషి నిర్ణయం పడిందో అందులో ఉండదు.

సాగర్_గేజి | సోమవారం ఉదయం 8:05

టీచరమ్మా, ముప్పై ఏళ్లు కాల్వల మీద, జలాశయాల దగ్గర గేజీలు చదివాను. ఇప్పుడు రిటైరై మిర్యాలగూడలో ఉంటున్నాను. మీరడిగింది నీళ్లలో నిలబడి చూసినవాళ్లకి బాగా తెలిసిన తేడా.

గేజి అంటే గోడ మీద రంగుతో గీసిన కొలబద్ద. గాలి ఉంటే నీళ్లు ఒక్కచోట నిలవవు. అల లేచినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె చూసి, అట్ల నాలుగైదు సార్లు చూసి, నడిమి అంకె పుస్తకంలో రాస్తాం. రాత్రి పూట టార్చి వేసి చూడాలి, వానలో పుస్తకం చంకలో పెట్టుకుని చూడాలి. ఆ అడుగుల అంకె ముడి లెక్క. ఇంత మట్టం అని నా కంటితో చూశాను, రాశాను. అంతే.

కానీ టీవీలో ఏం చెప్తారు? "సాగర్‌లో ఇన్ని టీఎంసీలు" అని చెప్తారు. టీఎంసీని ఎవరూ కొలవలేదు బిడ్డా. మట్టం చూసి పట్టికలో వెతికి చెప్పేది అది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. కట్టినప్పటి పట్టికలో దానికి ఎదురుగా 408 టీఎంసీలుండేవి. పూడిక సర్వేలు చేశాక పట్టిక మారింది, ఇప్పుడు అదే 590 అడుగులకి 312. శ్రీశైలంలో 885 అడుగులకి ఒకప్పుడు 308, ఇప్పుడు 215 చిల్లర. గోడ మీద గీత జరగలేదు. నీటి అంచు అదే గీత దగ్గర ఉంది. అడుగున మట్టి పెరిగింది, పట్టిక మారింది, టీఎంసీ మారింది.

ఇప్పుడు ఆలోచించండి. 1970ల నాటి టీఎంసీలు, ఇవాళ్టి టీఎంసీలు పక్కపక్కన పెట్టి ఎవరైనా పోలిస్తే అది తప్పుడు పోలిక అవుతుంది. అడుగుల పుస్తకం దాచి ఉంచితే మాత్రం ఏ పట్టికతోనైనా మళ్లీ లెక్క వేసుకోవచ్చు. పుస్తకం పోగొట్టి టీఎంసీ ఒక్కటే ఉంచితే, పట్టిక తప్పని తేలిన రోజు చేయగలిగింది ఏమీ లేదు. అందుకే నేను ముడి అంకె కోసం కొట్లాడేవాణ్ణి. ఇన్‌ఫ్లో కూడా అంతే, చాలా చోట్ల మట్టం ఎంత పెరిగింది, కిందికి ఎంత వదిలారు అని చూసి వెనక్కి కట్టే లెక్క అది. మీటరు పెట్టి కొలిచింది అనుకుంటారు జనం.

పాలమూరు_పత్తి | సోమవారం మధ్యాహ్నం 1:20

పెద్దనాయన చెప్పింది వింటుంటే నా పత్తి గుర్తొచ్చింది. నా గోడు వాన గురించి.

నేను ఇంటి ముందర వానకొలత పెట్టుకున్నాను. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు అని చిన్నప్పుడు బడిలో చెప్పింది గుర్తుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి క్యాలెండర్ మీదే రాస్తాను. ఒక జూలైలో విత్తనం పెట్టాక 18 రోజులు చుక్క లేదు. మొలక ఎండింది. అప్పు చేసి మళ్లీ విత్తనం తెచ్చాను. నెలాఖరున రెండు రోజులు కుండపోత. ఆ రెండు రోజుల నీళ్లు వాగులో కలిసిపోయాయి, పైమట్టిని కూడా తీసుకుపోయాయి.

నెలాఖరు రిపోర్టులో మా మండలానికి ఏముందో తెలుసా? "సాధారణ వర్షపాతం." సగటుకి ఇరవై శాతం లోపు అటూ ఇటూ ఉంటే సాధారణమే అంటారట. కూడిక తప్పు కాదు. నేను క్యాలెండర్ కూడి చూసినా దాదాపు అంతే వచ్చింది. కానీ నా పత్తి నెల మొత్తం మీద బతకదు, రోజు రోజూ బతకాలి.

ఒకప్పుడు వాతావరణ బీమా కట్టాను. నష్టం వచ్చి అడిగితే స్టేషన్ లెక్క ప్రకారం మీకు రాదు అన్నారు. ఆ స్టేషన్ రోజువారీ రీడింగులు చూపించండి అంటే ఒక పేజీ ఇచ్చారు. అందులో నెల మొత్తం ఒకటే అంకె. ఆ రోజు ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని ఆ పేజీ చూస్తూ ఏడుపొచ్చింది. నా క్యాలెండర్‌లో 31 అంకెలున్నాయి, వాళ్ల కాగితంలో ఒక్కటుంది, గెలిచింది ఆ ఒక్కటే.

సైన్స్_టీచరమ్మ | సోమవారం సాయంత్రం 5:45

అన్నా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ క్యాలెండర్ దాచారా?

షాద్‌నగర్ సార్, మీరు చెప్పాక ఆ రోజు ఫోన్‌లో తీసిన మ్యాప్ ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. మూలన చిన్న పెట్టెలో రంగుల పేర్లున్నాయి. పచ్చకి ఎదురుగా "సేఫ్", తర్వాత "సెమీ క్రిటికల్", "క్రిటికల్", ఎరుపుకి "ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్". ఫ్లోరైడ్ అన్న మాట ఎక్కడా లేదు. ఒక్కో మండలానికి ఒకటే రంగు, మధ్యలో ఛాయలు లేవు.

రాతినీరు | సోమవారం రాత్రి 8:30

మేడమ్, ఆగండి. ఆ నాలుగు పేర్లు చూస్తే అది ఫ్లోరైడ్ మ్యాపే కాదు. నీటి నాణ్యతకి సంబంధించింది అసలే కాదు.

భూగర్భజలాల్లో పనిచేసి వచ్చాను కాబట్టి గట్టిగా చెప్పగలను. అది భూమిలోకి ఏటా ఎంత నీరు ఇంకుతోంది, అందులో తోడుకోదగ్గది ఎంత, మనం ఎంత తోడుతున్నాం అనే లెక్క. తోడుకోదగ్గ నీటిలో 70 శాతం లోపు తోడితే "సేఫ్". 70 నుంచి 90 వరకు సెమీ క్రిటికల్, 90 నుంచి 100 వరకు క్రిటికల్, వంద దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. మన రాష్ట్రంలో ఈ లెక్క మండలం యూనిట్‌గా వేస్తారు, అందుకే మండలమంతా ఒకటే రంగు. అక్కడ సేఫ్ అంటే "ఇంకా తోడుకోవచ్చు" అని అర్థం. "తాగొచ్చు" అని కాదు!

ఒకటే మాట రెండు అర్థాల్లో పోవడం వల్ల ఎంత ప్రమాదమో చూడండి. తక్కువ తోడే మండలంలో నీళ్లు రాతిలో ఎక్కువ కాలం నిలవొచ్చు కూడా. ఆ పద్ధతిలోనే ఫ్లోరైడ్, ఉప్పు లాంటి సమస్యలున్న యూనిట్లకి విడిగా గుర్తు పెట్టాలని ఉంది. గోడ మీద వేలాడే మ్యాప్ దాకా వచ్చేసరికి ఆ గుర్తు రాలిపోతుంది.

దీనిలో నిజంగా కొలిచిన అంకెలు చాలా తక్కువ. నీటిమట్టం చూడటానికే వేసిన పీజోమీటర్ బోర్లలో టేపు దించి నేల నుంచి ఎన్ని మీటర్ల లోతున నీళ్లున్నాయో చూస్తారు. అది ముడి రీడింగు. వాన కొలత ఇంకో రీడింగు. మిగతాదంతా, బోర్లు ఎన్ని, ఒక్కోటి రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది, వానలో ఎన్నో వంతు ఇంకుతుంది అనేవి, చాలావరకు అంచనాలు. మంచి శాస్త్రం, కష్టపడి చేసిన పని. కానీ చివర్లో వచ్చిన ఒక్క మాట కింద ఇన్ని అంచనాలున్నాయని వేదిక మీద కర్ర పట్టుకున్నాయనకి ఎవరూ చెప్పి ఉండరు.

షాద్‌నగర్_జీఐఎస్ | సోమవారం రాత్రి 8:52

సార్ చెప్పింది కరెక్ట్. మేడమ్, నేను ఫోటో చూడకుండానే మధ్యలో నింపిన మ్యాప్ అని జవాబిచ్చాను, అది నా తప్పు. ఫ్లోరైడ్ మ్యాపుల గురించి చెప్పింది నిజమే కానీ మీ మ్యాప్ అది కాదు. మూలన పెట్టె చూడకుండా మాట్లాడొద్దని మా ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్తారు.

బాబుఅమ్మ_నల్లగొండ | సోమవారం రాత్రి 10:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి ఆయాసం. చలికాలం రాగానే పొద్దున ఫోన్‌లో గాలి నంబర్ చూసి బయటికి పంపుతాను. ఒక యాప్‌లో 100 అని ఉంటే ఇంకో యాప్‌లో అదే టైముకి 150 పైన ఉంటుంది. ఒకటి లేత పచ్చ, ఒకటి ఎరుపు. ఏది చూసి పంపాలి? మీరంతా ముడి అంకె ముడి అంకె అంటున్నారు. నాకు మైక్రోగ్రాములు ఏం చేసుకోను? పంపాలా వద్దా అన్నదే నాకు కావాలి.

రాతినీరు | మంగళవారం ఉదయం 7:10

అక్కా, రెండూ ఒకే గాలి గురించే చెప్తుండొచ్చు. గాలిలో సన్న దుమ్ము, పీఎం 2.5, ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములుంటే మన దేశ సూచికలో అది 100. మన 24 గంటల పరిమితి 60 కాబట్టి దాన్ని వందకి కట్టారు. అమెరికా సూచికలో అదే 60కి 150 దాటుతుంది, ఎందుకంటే వాళ్ల గీతలు వేరేచోట ఉన్నాయి. మీరు చూసే యాప్ ఎవరి సూచిక వాడుతుందో సెట్టింగ్స్‌లో ఉంటుంది. రెండింట్లో ఒకదాన్నే పట్టుకుని రోజూ అదే చూడండి. కొన్ని యాప్‌లు దగ్గర్లో యంత్రం లేకపోయినా ఉపగ్రహం, కంప్యూటర్ అంచనాలతో నంబర్ చూపిస్తాయి, అది కూడా గమనించండి.

మన సూచికలో ఇంకోటుంది. అన్ని కాలుష్యాల్లో ఏది ఎక్కువ చెడ్డగా ఉంటే దాని అంకే సూచిక అవుతుంది. ఇవాళ 140 దుమ్ము వల్ల కావచ్చు, రేపు 140 ఇంకోదాని వల్ల కావచ్చు. బాబుకి ఏది పడట్లేదో డాక్టర్‌కి చెప్పాలంటే మాత్రం విడివిడి అంకెలు కావాలి. ఆయాసం వచ్చిన రోజు తేదీ, టైము రాసిపెట్టుకోండి. జాతీయ శుద్ధగాలి కార్యక్రమం కింద ఎంపికైన పట్టణాల్లో మన నల్లగొండ ఉంది, కాబట్టి ఇక్కడి గాలి రీడింగులు అడగడం మన హక్కు.

మీరన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. తల్లికి సూచిక కావాలి. మైక్రోగ్రాములతో ఏ అమ్మా పొద్దున నిర్ణయం తీసుకోదు.

వానకబురు_తమ్ముడు | మంగళవారం ఉదయం 9:30

ఆ అక్క మాటతోనే నేను మొదలుపెడతాను. నేను నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లకి వాన కబురు వాయిస్ మెసేజ్‌గా పంపిస్తాను. నెలకి కొంత డబ్బు తీసుకుంటాను. ఇక్కడ ముడి లెక్క గొప్పది, తయారుచేసింది అనుమానించదగ్గది అన్నట్టు మాట పోతోంది. అది నాకు నొప్పిగా ఉంది.

ముడి అంటే నిజం అని కాదు. ఆటోమేటిక్ స్టేషన్ల రీడింగులు రోజూ చూస్తాను. గరాటులో ఆకు అడ్డం పడితే చుట్టూ వాన పడుతుంటే అక్కడ సున్నా చూపిస్తుంది. సెన్సర్ చెడిపోతే జనవరిలో 50 డిగ్రీలు వస్తుంది. రాత్రి పడిన వాన ఏ తేదీ కింద రాయాలి అన్నదే పెద్ద గొడవ. వాతావరణ శాఖ లెక్కలో నిన్న పొద్దున 8:30 నుంచి ఇవాళ పొద్దున 8:30 వరకు పడింది ఇవాళ్టి వాన. వేరే ఆఫీసు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడితే రెండూ కలవవు. ఇవన్నీ సరిచూసి, పక్క స్టేషన్లతో పోల్చి, "రేపు మందు కొట్టొద్దు, ఎల్లుండి కొట్టండి" అని పెద్దాయనకి అర్థమయ్యేట్టు చెప్పడం నా కష్టం. దానికి డబ్బు అడగడం తప్పా?

తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ప్రజల డబ్బుతో పెట్టిన స్టేషన్ రీడింగునే అమ్మితే. అమెరికావాళ్లు ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల అమ్మకాన్ని 1980ల్లో ప్రైవేటు చేతికిస్తే ఒక్క చిత్రం ధర నాలుగు వేల డాలర్ల దాకా పోయింది. యూనివర్సిటీలు కూడా కొనలేక వదిలేశాయి. 2008లో ఉచితం చేశాక ప్రపంచమంతా వాడకం పెరిగింది. మన ఊళ్లలో చెరువులు ఎట్ల నిండాయి, ఎట్ల ఎండాయి అని పాత చిత్రాలు చూడగలుగుతున్నామంటే అందుకే. 1995లోనే ప్రపంచ వాతావరణ సంస్థ దేశాల మధ్య ఈ గీత గీసింది: ప్రాణాలు, ఆస్తులు కాపాడటానికి అవసరమైన మూల డేటా ఉచితంగా, ఏ షరతూ లేకుండా ఇచ్చిపుచ్చుకోవాలి, మిగతా వాటికి షరతులు పెట్టుకోవచ్చు అని. 2021లో ఆ తీర్మానాన్ని కొత్తగా రాశారు. ముడిది అందరిదీ. నా మెసేజ్ నాది.

పాలమూరు_పత్తి | మంగళవారం మధ్యాహ్నం 12:40

తమ్మీ, డబ్బు తీసుకో, నిన్ను ఎవరూ తప్పు పట్టరు. నేను కూడా ఇస్తాను. ఒక్కటే అడుగుతాను. నీ కబురు తప్పి నా మందు వానకి కొట్టుకుపోయిన రోజు, ఏ స్టేషన్ ఏ రీడింగు చూసి చెప్పావో నాకు చూపించు. తిట్టడానికి కాదు. నా క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూసుకుందాం అని. బీమా ఆఫీసు మెట్ల మీద నాకు దొరకనిది అదే.

వానకబురు_తమ్ముడు | మంగళవారం మధ్యాహ్నం 12:58

ఒప్పుకుంటున్నాను అన్నా. ఈ వారం నుంచి ప్రతి మెసేజ్ కింద స్టేషన్ పేరు, రీడింగు తీసుకున్న టైము పెడతాను. మీ క్యాలెండర్ ఫోటోలు పంపండి, మీ ఊరికి దగ్గరున్న స్టేషన్‌తో పోల్చి చూస్తాను.

అడిగేవాడు | మంగళవారం రాత్రి 9:05

రెండు రోజులుగా చదువుతున్నాను. అడగడం ఎట్లాగో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పదిహేనేళ్లుగా సమాచార హక్కు దరఖాస్తులు రాస్తున్నాను.

2005 చట్టంలో సమాచారం అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే రిపోర్టులతో పాటు నమూనాలు, కంప్యూటర్‌లో ఉన్న డేటా కూడా ఉన్నాయి. కంప్యూటర్‌లో ఉన్నది ఆ రూపంలోనే అడగొచ్చు. ఇక ముఖ్యమైన సంగతి. 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఆఫీసు దగ్గర లేనిదాన్ని మన కోసం కొత్తగా కూర్చి, విశ్లేషించి ఇవ్వాల్సిన పని లేదు. చాలామంది దీన్ని ఎదురుదెబ్బ అనుకుంటారు. నీళ్ల విషయంలో నాకు ఇది దారి చూపించింది. "మా మండలంలో ఫ్లోరైడ్ సమస్య ఎంత ఉందో తెలపండి" అని రాస్తే "అట్లాంటి విశ్లేషణ మా దగ్గర లేదు" అని వస్తుంది. న్యాయంగానే వస్తుంది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పరీక్షించిన ప్రతి నమూనా రీడింగు, రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వండి" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. ముడి లెక్క అడగండి. అది వాళ్ల దగ్గర ఉంటుంది.

అడిగేటప్పుడు రీడింగు ఒక్కటే అడగొద్దు. ఏ బోరు, ఎంత లోతు, ఏ తేదీ, ఎవరు తీశారు, ఏ పద్ధతిలో పరీక్షించారు అన్నీ అడగండి. 2.8 అన్న అంకె ఒక్కటే ఉంటే దానికి ఊరూ పేరూ లేదు.

ఒక ఫ్యాక్టరీ ప్రజాభిప్రాయ సేకరణకి మా ఊరివాళ్లతో వెళ్లాను. పర్యావరణ ప్రభావ అంచనా మీద వచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం తెలుగులో సారాంశం ఇవ్వాలి, ఇచ్చారు. అందులో "గాలి నాణ్యత పరిమితుల్లోనే ఉంది" అని ఒక్క వాక్యం. పెద్ద రిపోర్టు వెనక అనుబంధాల్లో రోజువారీ అంకెలు వెతికితే ఊరి వైపున్న కేంద్రంలో రెండు రోజులు దుమ్ము పరిమితిని దాటింది. మొత్తంలో కలిపితే కలిసిపోయింది. నేను లేచి ఆ పేజీ నంబర్ చదివాను. మినిట్స్‌లో రాయించాను. సారాంశం పట్టుకుని వెళ్లినవాళ్లకి మాట్లాడటానికి ఏమీ లేకపోయింది, అనుబంధం చదివినవాళ్లకి ఉంది.

సైన్స్_టీచరమ్మ | బుధవారం రాత్రి 9:40

ఇవాళ బడిలో పిల్లలకి ఇదంతా చెప్పాను. ఒక పాప అడిగింది, "టీచర్, సేఫ్ అంటే రెండు అర్థాలుంటే రెండు బోర్డులు పెట్టాలి కదా" అని. వచ్చే సమావేశంలో ఆ మాట ఆ పాపతోనే చెప్పిస్తాను.

ఇంకో సంగతి పుస్తకంలో చూసి నాకే ఒళ్లు పులకరించింది. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరు పెట్టుకున్నారు, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేశారు. పటిక, సున్నం వేసి కలిపి, తేర్చి, వడకట్టడం. పటిక ఎంత వేయాలో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఒకవైపు ఫ్లోరైడ్, ఇంకోవైపు నీళ్ల క్షారత. రెండూ ఆ బోరువే ఉండాలి! మండలం సగటు పెట్టుకుని పటిక వేస్తే ఒకచోట తక్కువై ఫ్లోరైడ్ మిగులుతుంది, ఇంకోచోట ఎక్కువై పటికే నీళ్లలో మిగులుతుంది. మన జిల్లా పేరున్న పద్ధతే బోరు బోరుకీ రీడింగు కావాలంటోంది.

అందుకని మేమే మొదలుపెడుతున్నాం. ఊళ్లో చేతిపంపులు, బోర్లు కలిపి 23 ఉన్నాయి. వానకి ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి. ప్లాస్టిక్ సీసాల్లోనే తీస్తాం, ఫ్లోరైడ్‌కి గాజు సీసా పనికిరాదని ల్యాబ్ సార్ చెప్పారు. అదే నీళ్లతో సీసా రెండుసార్లు కడిగి, పంపు కొంతసేపు నడిచాక పట్టాలి. రిజిస్టర్‌లో ఏ గడులు ఉండాలో అడిగేవాడు సార్ చెప్పినవన్నీ గీశాను. ఇంకేమైనా మర్చిపోయానా?

సాగర్_గేజి | గురువారం ఉదయం 5:55

ఒకటి మర్చిపోయారమ్మా. పెన్నుతో రాయించండి, పెన్సిల్ వద్దు. పిల్లలు తప్పు రాస్తే రబ్బరు పెట్టి చెరపనివ్వొద్దు, తెల్లరంగు పూయనివ్వొద్దు. తప్పు అంకె మీద ఒకటే గీత, అది కింద కనపడుతుండాలి. పక్కన సరైనది, పక్కన రాసిన పిల్ల సంతకం, తేదీ. మా పుస్తకాల్లో అట్లనే ఉండేది. ఒకసారి నేను 571 బదులు 517 రాసి గీత కొట్టాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ఇంజనీర్ సార్ అది చూసి, ఆ రోజు మట్టం పడిపోలేదు, రాయడంలో పొరపాటు అని అర్థం చేసుకున్నారు.

ఇంకోటి. ఫలితం గడి ఖాళీగా ఉంటే సున్నా వేయొద్దు. చూడలేదు అని రాయండి. సున్నా వేరు, చూడకపోవడం వేరు.

సైన్స్_టీచరమ్మ | గురువారం ఉదయం 6:20

రాసుకున్నాను పెద్దాయనా. "చూడలేదు" అన్న మాట మొదటి పేజీలోనే అట్టకి లోపల పెద్దక్షరాల్లో రాయిస్తాను. శనివారం పొద్దున మొదటి సీసా. బడి వెనక బోరుతోనే మొదలు, కిందటిసారి 2.8 వచ్చినదానితో.

పాలమూరు_పత్తి | గురువారం ఉదయం 6:48

అక్కా, మీరు అడిగారు కదా, క్యాలెండర్లు దాచాను. ఆరేళ్లవి ఉన్నాయి, దేవుడి పటాల వెనక. ఆదివారం ఫోటోలు తీసి తమ్ముడికి పంపిస్తున్నాను.